ఒకే కవరులో వెళ్లిన మూడు దరఖాస్తులు

జనవరిలో మా అటార్నీ ఒకే కవరులో మూడు దరఖాస్తులు పంపారు. మా ఆయన అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి పొడిగింపు కోసం ఐ-129 ఫారం, నాకూ మా బాబుకూ హెచ్-4 పొడిగింపు కోసం ఐ-539, నా పని అనుమతి కార్డు (ఈఏడీ) కోసం ఐ-765. ఆయన దాన్ని త్వరగా చూడటానికి కంపెనీ వాళ్లు 2,805 డాలర్ల ప్రీమియం కట్టారు. ప్రీమియం కడితే ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్లు 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఆ గడువు లోపలే ఆయనకు మూడేళ్లకు అప్రూవల్ వచ్చేసింది. నా రెండింటికీ ఎంత డబ్బు కడతామన్నా ప్రీమియం లేదు. అవి ఇవాళ్టికీ పెండింగే. మే నెలలో, ఇక్కడ ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే నా ఐ-94 గడువు, ఈఏడీ కార్డు గడువు ఒకే రోజున అయిపోయాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ నంబర్లన్నీ నోటికి వచ్చు. ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ల కోసం కాస్త విడమరిచి చెప్తాను. హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో, 21 ఏళ్లు నిండని పిల్లలకో ఇచ్చేది హెచ్-4. పెళ్లే దానికి ఆధారం. ఆయన గడువు ఎంతవరకో నాదీ అంతవరకే, ఒక్క రోజు కూడా మించదు. మామూలుగా హెచ్-4 మీద ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి మాత్రం, హెచ్-1బి ఉన్న మనిషికి గ్రీన్‌కార్డు తాలూకు ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయి ఉంటే, భార్యో భర్తో ఈఏడీ తీసుకుని పని చేసుకోవచ్చు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ దాదాపు 7 శాతం మించకూడదన్న చట్టం వల్ల ఇండియా వాళ్ల క్యూ ఏళ్లతరబడి కదలదు. మా ఐ-140 అప్రూవ్ అయింది 2019లో. అప్పటినుంచి మూడేళ్లకోసారి ఈ పొడిగింపు మా ఇంటికి వస్తూనే ఉంది.

మూడుసార్లూ మూడు రకాలుగా గడిచింది. అందుకే ఇది రాయాలనిపించింది. 2020లో వేలిముద్రల గొడవ. 2019 మార్చి నుంచి ఐ-539 పెట్టే ప్రతి ఒక్కరూ, చంటిపిల్లలతో సహా, వెళ్లి బయోమెట్రిక్స్ ఇచ్చి రావాలని రూల్ పెట్టారు. మాకు అపాయింట్‌మెంట్ రాకముందే కరోనా వచ్చింది. 2020 మార్చి 18న ఆ సెంటర్లన్నీ మూతపడ్డాయి. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, మొదటి ఈఏడీ కోసమే చూస్తున్నాను కాబట్టి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ బయోమెట్రిక్స్ రూల్‌ను హెచ్-4 వాళ్లకు 2021 మేలో ఆపేశారు.

2023లో పూర్తిగా వేరే కథ. ఆలస్యాల మీద కొందరు హెచ్-4 వాళ్లు, ఎల్-2 వాళ్లు (కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల కుటుంబాలు) కోర్టుకు వెళ్తే ఆ ఏడాది జనవరిలో రాజీ కుదిరింది. హెచ్-1బి పొడిగింపుతో కలిపి పంపిన ఐ-539నీ ఐ-765నీ దానితోపాటే చూడాలన్నది ఆ రాజీలో ముఖ్యమైన మాట. జనవరి 25 నుంచి అమలైంది. మాది ఆ తర్వాత వెళ్లింది. ఆయన అప్రూవల్ వచ్చిన వారంలోనే నాదీ బాబుదీ వచ్చాయి, వెనకాలే నా కార్డు పోస్టులో వచ్చింది. నేను పని చేసే ఆసుపత్రి ల్యాబ్‌లో ఒక్క షిఫ్టు కూడా మానలేదు. అసలు దాని గురించి ఎవరికీ చెప్పాల్సిన పనే పడలేదు.

ఆ రాజీ రెండేళ్లకే. 2025 జనవరి 18తో దాని గడువు తీరిపోయింది. మళ్లీ ఎవరి ఫైలు వాళ్లదే అయింది.

ఎంత ఆలోచించినా నా మనసు ఇక్కడే ఆగిపోతోంది. నా హెచ్-4 ఇవ్వాలంటే ఆఫీసరు చూడాల్సినవి ముఖ్యంగా రెండే విషయాలు. ఆయన హెచ్-1బి చెల్లుతుందా, మేమిద్దరం భార్యాభర్తలమేనా. మొదటిది వాళ్లే తేల్చేశారు. రెండోదానికి మా మ్యారేజ్ సర్టిఫికెట్ అదే కవరులో ఉంది. 2020లో చూసిందీ, 2023లో చూసిందీ అదే సర్టిఫికెట్. ఒక్క ఆఫీసరు ఒక్కసారి కూర్చుని తేల్చగలిగిన పని అని ఆ రెండేళ్లలో రుజువైంది కూడా. ఐ-129 అప్రూవ్ కాకుండా ఐ-539 కాదు, ఐ-539 అప్రూవ్ కాకుండా ఐ-765 కాదు. ఒకదాని వెనక ఒకటి కట్టేసి ఉన్నవాటిని మూడు వేర్వేరు వరసల్లో నిలబెడితే చివర ఉన్నదానికి ఎప్పుడు మోక్షం?

ఇంకొక తేడా ఉంది. ఇది చాలామంది మగవాళ్లకు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లకే, తెలియదు. ఒకవేళ మా ఆయన పొడిగింపే ఆలస్యమై ఉంటే? గడువులోపల దరఖాస్తు పెట్టిన హెచ్-1బి ఉద్యోగి పాత గడువు ముగిశాక కూడా 240 రోజుల వరకు అదే కంపెనీలో పని చేసుకోవచ్చు. అంటే ఆయనకు ప్రీమియం ఉంది, అది లేకపోయినా 240 రోజుల రక్షణ ఉంది. నాకు రెండూ లేవు. కార్డు మీద తేదీ దాటిన మర్నాడు నేను పనిలో కాలు పెట్టకూడదు.

కొన్నాళ్ల కిందటి వరకు ఒక దారి ఉండేది. ఈఏడీ రెన్యువల్ పెట్టుకున్నవాళ్లకు పాత కార్డు దానంతట అదే కొంతకాలం పొడిగించినట్టు లెక్క. మొదట 180 రోజులు, తర్వాత 540 రోజులు. హెచ్-4 వాళ్లకు 2021 నవంబరులో ఇంకో కోర్టు కేసు రాజీతో అది వర్తించింది. కానీ ఐ-94 చెల్లినంతవరకే. నాలాగా రెండూ ఒకే రోజున ముగిసేవాళ్లకు ఆ పొడిగింపు పేరుకే. అందుకని నాకు తెలిసినవాళ్లు కొందరు ఇండియా వెళ్లి, పాస్‌పోర్టులో కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకుని, తిరిగి దిగేటప్పుడు కొత్త ఐ-94 తీసుకుని, దాంతో పాత కార్డు మీదే పని చేసుకున్నారు. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన రెన్యువల్స్‌కు ఆ ఆటోమేటిక్ పొడిగింపే తీసేశారు. తనిఖీ పూర్తికాకుండా పని చేయనివ్వకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. తనిఖీ చేయొద్దని నేను అనను. మా ఆయన ఫైలు తెరిచిన రోజే నాదీ తెరిచి చేయమంటాను.

నేను ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. చేసేదాన్ని అని రాయడానికే చెయ్యి రావడం లేదు. ఇండియాలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడికి వచ్చాక, మార్కుల జాబితాలు ఇవాల్యుయేషన్‌కు పంపి, ల్యాబ్ పని చేసేవాళ్లకు ఇక్కడ సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్‌సీపీ పరీక్ష రాసి, బాబును పడుకోబెట్టాక చదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం. రోగి రక్తం తీసి బాటిళ్లలో పంపుతారు. అవి మెషీన్‌లో ఉంటాయి. లోపల సూక్ష్మజీవి పెరిగితే మెషీన్ అరుస్తుంది. వెంటనే బాటిల్ తీసి, స్లైడ్ మీద చుక్క పరిచి, రంగులు వేసి (గ్రామ్ స్టెయిన్), మైక్రోస్కోపులో చూసి పైన వార్డుకు ఫోన్ చేయాలి. నీలంగా గుత్తులుగా కనిపిస్తే ఒక దారి, గులాబీ రంగు కడ్డీల్లా కనిపిస్తే ఇంకో దారి. సెప్సిస్ రోగికి ఏ యాంటీబయాటిక్ అన్నది ఆ ఫోన్‌తో మారిపోతుంది. రాత్రి రెండింటికి ఆ ఫోన్ చేసి, డాక్టరు మనం చెప్పింది తిరిగి చదివి వినిపిస్తే రాసుకుని, టైమ్ వేసి, సంతకం పెట్టడం. అది నా పని. నాకు దానిమీద ప్రేమ.

కార్డు గడువుకు మూడు నెలల ముందు నుంచే హెచ్‌ఆర్ ఈమెయిళ్లు మొదలయ్యాయి. కొత్త కార్డు చూపించాలి, లేకపోతే పని ఆపేయాలి. నా సూపర్‌వైజర్ ఇరవై ఏళ్లుగా ఆ ల్యాబ్‌లో ఉన్న మనిషి, ఆవిడకు ఈ నియమం ఎంత చెప్పినా అర్థం కాలేదు. భర్తకు వచ్చింది కదా, నీకెందుకు రాలేదు అనే అడిగేది. చివరి షిఫ్టులో నా ప్లేట్లన్నీ ఎవరికి అప్పజెప్పాలో రాసిపెట్టాను. ఒక పేషెంటు కల్చర్ ఇంకా పెరుగుతోంది, ఫంగస్ అనుమానం, వారాలు పట్టేది. అదేమైందో తెలుసుకోవడానికి కూడా నాకు ఇప్పుడు లాగిన్ లేదు.

జీతం లేకపోయినా పరవాలేదు, ఊరికే వచ్చి సాయం చేస్తానంటే కుదురుతుందా అని సూపర్‌వైజరే అడిగింది. అటార్నీని అడిగాం. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేసినా అది పని కిందికే వస్తుంది, రేపు అన్ని దరఖాస్తులకూ అడ్డం పడుతుంది, ఆ ఆలోచనే వద్దన్నారు. నాలాంటి స్థితిలో ఉన్నవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉండటానికి ఉన్న అనుమతి వేరు, పని చేయడానికి ఉన్న అనుమతి వేరు.

ఉండటం గురించి మాత్రం భయపడొద్దు. గడువులోపల సరిగ్గా పొడిగింపు దరఖాస్తు పెట్టుకుని ఉంటే, అది తేలేదాకా ఇక్కడ ఉండటం అక్రమం కాదు. ఐ-94 తేదీ దాటినా అనుమతి ఉన్న కాలంగానే లెక్క. ఆ రోజులు అనుమతి లేకుండా ఉన్న కాలం (అన్‌లాఫుల్ ప్రెజెన్స్) కిందికి రావు. తిరస్కరిస్తే మాత్రం లెక్క మొదలవుతుంది. 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్ల నిషేధం, ఏడాది దాటితే పదేళ్లు. కాబట్టి రిసీట్ నోటీసు, దరఖాస్తు కాపీ ఎప్పుడూ చేతికి అందేలా పెట్టుకోవాలి.

ఇదంతా నాకు కాగితం మీద తెలుసు. కానీ ఒకరోజు మా బాబు స్కూలు నుంచి వచ్చి, "అమ్మా, మనం ఇల్లీగలా?" అని అడిగాడు. వాడికి పదకొండేళ్లు. ఏడాది నిండకముందే ఎత్తుకుని తెచ్చుకున్నాం, వాడి పేరూ నా దరఖాస్తులోనే ఉంది. క్లాసులో పిల్లలు వార్తల గురించి మాట్లాడుకున్నారట, వీడు ఇంట్లో మేం "ఐ-94 అయిపోయింది" అనుకోవడం విని ఉన్నాడు. నా గుండె జారిపోయింది. కాదు నాన్నా అని ఊరుకుంటే వాడు నమ్మడు, అలాంటి వయసు. ఫైలు తీసి పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. ఇది మన దరఖాస్తు, ఇది వాళ్లకు అందిన తేదీ, ఇది పాత గడువు, చూడు ఏది ముందుందో. జవాబు వచ్చేదాకా మనం ఉండొచ్చని నియమం ఉంది అని చెప్పాను. వాడు రెండు తేదీలూ వేలు పెట్టి చూసుకుని, "మనం ముందే ఇచ్చాం" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. పిల్లలకు దాచడం కంటే కాగితం చూపించి చెప్పడమే నయమని నాకు గట్టిగా అనిపిస్తోంది. వాళ్లు ఎలాగూ వింటారు. సగం వింటే ఇంకా భయం.

డ్రైవింగ్ లైసెన్సు ఇంకో చిక్కు. మేముండే టెక్సాస్‌లో మాలాంటివాళ్లకు స్టేటస్ గడువు ఎంతవరకో లైసెన్సు అంతవరకే ఇస్తారు. రిసీట్ పట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నావిడ కంప్యూటర్‌లో కేంద్ర డేటాబేస్ చూసి, వెంటనే తేలలేదని, ఇంకా తనిఖీకి పంపామని, ఇంటికి ఉత్తరం వస్తుందని మర్యాదగానే చెప్పింది. కానీ మా సబర్బ్‌లో బస్సు లేదు. బాబు స్విమ్మింగ్ క్లాసు, పంటి డాక్టరు, సరుకులు, అన్నీ మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాకే. పక్కవీధిలో ఉండే ఒక అక్క, తను కూడా ఒకప్పుడు హెచ్-4 మీద ఉన్నావిడే, ప్రతి మంగళవారం తనంతట తనే కారు తీసుకొచ్చి "పద" అంటుంది. అలాంటి మనిషి ఒకరు ఉండటం ఎంత బలమో మాటల్లో చెప్పలేను.

మా ఆయన గురించి కూడా చెప్పాలి. ఆయన అప్రూవల్ వచ్చిన రోజు సంతోషంగా ఫోన్ చేయబోయి ఆగిపోయారట. సాయంత్రం ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పారు. "నీదీ వచ్చాక ఇద్దరివీ కలిపి అందరికీ చెబుదాం" అన్నారు. ఇప్పటికీ వాళ్ల అమ్మగారికి కూడా చెప్పలేదు. ఈ నియమాలు రాసేవాళ్లు ఒక ఇంట్లో ఇద్దరి మధ్య ఇలాంటి మౌనం వచ్చి కూర్చుంటుందని ఊహించి ఉండరు.

వేసవిలో మా నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. నేను వెళ్లలేదు. దేశం దాటితే ఇక్కడ వేసిన పొడిగింపుతో నాకు పని జరగదు. పాస్‌పోర్టులో ఉన్న వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయింది కాబట్టి తిరిగి రావాలంటే కాన్సులేట్ మెట్లెక్కాల్సిందే. అంతకుముందు ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు డ్రాప్‌బాక్స్‌లో వేసి వచ్చే వీలుండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లందరూ మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లాలి. డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా అకౌంట్ల పరిశీలన కూడా చేర్చడంతో, అప్పటికే అపాయింట్‌మెంట్లు పెట్టుకుని ఇండియా వెళ్లినవాళ్లవి నెలల తరబడి వెనక్కి జరిగాయి. ఉద్యోగాలు ఇక్కడ, పిల్లల స్కూళ్లు ఇక్కడ, మనుషులు అక్కడ ఇరుక్కుపోయారు. అమ్మ మాత్రం ఫోన్‌లో, "నువ్వు రాకపోయినా ఫరవాలేదమ్మా, ముందు నీ కాగితాలు చూసుకో" అంది. నాన్న ఫోన్ తీసుకుని వాకర్‌తో నాలుగడుగులు వేసి చూపించారు. కెమెరా ఆపేశాక చాలాసేపు ఏడ్చాను.

చాలామంది అడుగుతున్నారు, మేమేం చేయాలి అని. ముందుగా, గడువుకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మొదటి రోజునే పంపేలా కంపెనీ అటార్నీ వెంట పడండి. హెచ్-1బి పని చూసేవాళ్లకు హెచ్-4 రెండో పని. మనం అడగకపోతే కదలదు. ఐ-539కి 470 డాలర్లు, కాగితం మీద పెట్టే ఐ-765కి 520 డాలర్లు. చాలా కంపెనీలు ఇవి కట్టవు, మనమే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. విమానం దిగేటప్పుడు పాస్‌పోర్టు చెల్లే తేదీ వరకే ఐ-94 ఇచ్చే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అప్రూవల్ నోటీసులో మూడేళ్లు ఉంది కదా అని ధీమాగా ఉండి దెబ్బతిన్న కుటుంబం మాకు తెలుసు. ఇల్లు మారితే పది రోజుల్లోపల కొత్త అడ్రసు తెలియజేయాలి. కార్డు పాత ఇంటికి వెళ్తే ఇంకో యుద్ధం.

కేస్ స్టేటస్ పేజీని రోజుకు ఎన్నిసార్లు చూసినా అది మన కోసం తొందరపడదు. నేను పొద్దున ఒక్కసారే చూస్తాను, తర్వాత ఫోన్ పక్కన పెట్టి చదువుకుంటాను. ఏఎస్‌సీపీ సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి మూడేళ్లకోసారి 36 పాయింట్ల కోర్సులు చేయాలి. వాటిని ఇప్పుడే పూర్తి చేస్తున్నాను. చదువుకోవడానికి హెచ్-4 అడ్డు కాదు, ఆ సమయం పూర్తిగా మన చేతిలో ఉంది.

కట్టేసి ఉన్న దరఖాస్తులను కలిపి చూడాలని, గడువులోపల పెట్టుకున్నవాళ్లను హెచ్-1బి వాళ్లలాగే 240 రోజులు పని చేసుకోనివ్వాలని మా ప్రాంతపు అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడి ఆఫీసుకు రాశాను. పౌరులం కాకపోయినా వాళ్ల నియోజకవర్గంలో ఉండేవాళ్లం రాయొచ్చు. కేసు గురించి విచారించడానికి వాళ్ల దగ్గర విడిగా మనుషులు ఉంటారు. సంతకం పెట్టిన ప్రైవసీ ఫారం మాత్రం ఇవ్వాలి. నాతోపాటు ఇదే స్థితిలో ఉన్న ఇంకొందరు ఆడవాళ్లు కూడా రాశారు. ఇంకా రాయాలి, మన ఇళ్లలో ఎవరు పని మానుకుని కూర్చున్నారో ఆ ఆఫీసుల వాళ్లకు తెలియాలి.

ఇప్పటి సంగతి ఇది. ల్యాబ్ వాళ్లు నా పోస్టు సెప్టెంబరు వరకు ఉంచుతామని రాసిచ్చారు. మనుషులు చాలక రాత్రి షిఫ్టులో రక్త కల్చర్లు ఎలా నడుస్తున్నాయో వివరంగా చెబుతూ ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. ఫైలు త్వరగా చూడమని (ఎక్స్‌పెడైట్) అడగడానికి అది పనికొస్తుంది. ఐ-765 ఒక్కదానికే అడిగితే లాభం లేదు, ముందు ఐ-539 కదలాలి. రెండు రిసీట్ నంబర్లకూ విడివిడిగా అడగాలని అటార్నీ చెప్పారు. కాగితాలు సంతకం చేసి నిన్ననే పంపించాను, ఈ వారంలో అభ్యర్థన వెళ్తుంది.